వేకువ ఆకాశంలో తోకచుక్క: అపశకునమా? దైవ నిదర్శనమా?

2024 సెప్టెంబరు చివరి రోజుల్లో, అక్టోబరు తొలి రోజుల్లో తెల్లవారుజామున తూర్పు దిక్కున ఒక తోకచుక్క కనిపించింది. చైనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాల, దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు 2023లో దాన్ని కనుగొన్నందువల్ల దానికి ‘సుచిన్‌షాన్-అట్లాస్’ అని పేరు పెట్టారు. అక్టోబరు 12న అది భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరం నుండి సాగిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు సాయంత్రం వేళ పడమటి దిక్కున కనిపించి కనుమరుగైంది. మన తరం దాన్ని మళ్లీ చూడదు.

ఇలాంటి చుక్క కనిపించిన ప్రతిసారీ మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినబడతాయి. “దుమ్‌దార్ సితారా వచ్చింది, ఏదో కీడు జరుగుతుంది” అని కొందరు పెద్దలు భయపడతారు. సెల్‌ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, దాన్ని నలుగురికీ పంపి, అంతటితో మరచిపోయేవారు ఇంకొందరు. మొదటివారు ఆ చుక్కకు లేని శక్తిని అంటగడుతున్నారు. రెండవవారు దాన్ని చూశారేగాని దాని గురించి యోచించలేదు. విశ్వాసి చూపు ఈ రెండింటికీ భిన్నంగా ఉండాలి. అసలు తోకచుక్క అంటే ఏమిటి? ధర్మం దాని గురించి ఏం నేర్పుతోంది? దాన్ని ఏ వేళ, ఎలా చూడాలి? ఈ విషయాలను క్రమంగా పరిశీలిద్దాం.

తోకచుక్క అంటే ఏమిటి?

తోకచుక్క నక్షత్రం కాదు. అది మంచు, ధూళి, రాతి రేణువులు కలిసిన ఒక ముద్ద. సాధారణంగా దాని కేంద్రకం కొద్ది కిలోమీటర్లు మాత్రమే ఉంటుంది. ప్రఖ్యాతి చెందిన హేలీ తోకచుక్క కేంద్రకం పొడవు సుమారు 15 కిలోమీటర్లు. 1986 మార్చిలో ‘జొట్టో’ అనే అంతరిక్ష నౌక దాని దగ్గరికి వెళ్లి ఫోటోలు తీసినప్పుడు అది బొగ్గులా నల్లగా ఉన్నట్లు తెలిసింది. లక్షల కిలోమీటర్ల పొడవున వెలిగే ఆ తోకకు మూలం ఒక పట్టణమంత నల్లని ముద్ద అన్నమాట!

ఈ ముద్ద సూర్యునికి దూరంగా ఉన్నంతకాలం చల్లగా, చీకటిగా ఉంటుంది. సూర్యుని సమీపానికి వచ్చినప్పుడు వేడికి మంచు నేరుగా ఆవిరి అవుతుంది. ఆ ఆవిరితో పాటు ధూళి కూడా ఎగసిపడుతుంది. సూర్యకాంతి ఒత్తిడి ఆ ధూళిని వెనక్కి నెడుతుంది. అది కాస్త వంపు తిరిగిన, పసుపు కలిసిన తెల్లని తోక. సూర్యుని నుండి వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం వాయువులను మరో తోకగా తోస్తుంది. అది నిటారుగా, నీలి ఛాయతో ఉంటుంది. అందుకే తోకచుక్క ఎటు ప్రయాణించినా దాని తోక ఎప్పుడూ సూర్యునికి వ్యతిరేక దిశలోనే ఉంటుంది. ఆ తోక ఎంత పలుచనిదంటే దాని గుండా వెనుక ఉన్న నక్షత్రాలు కనిపిస్తాయి.

తోకచుక్కలు వేకువలోనో మునిమాపులోనో ప్రకాశవంతంగా కనిపించడానికి కారణం కూడా ఇదే. సూర్యునికి దగ్గరగా వచ్చినప్పుడే అవి బాగా వెలుగుతాయి. ఆకాశంలో సూర్యునికి దగ్గరగా ఉన్నది సూర్యోదయానికి కాస్త ముందుగానో, సూర్యాస్తమయం తర్వాత కాసేపో మాత్రమే కనబడుతుంది. వేకువలో తూర్పున చూసినప్పుడు చుక్క తల కింద దిగంతం వైపు, తోక పైవైపు ఉంటాయి. సూర్యుడు దిగంతం కింద ఉన్నాడు కనుక తోక పైకి లేస్తుంది.

అజ్ఞాన కాలపు మాట, ప్రవక్త (స) సమాధానం

ఆకాశంలో ఏదైనా అరుదైనది కనిపిస్తే దాన్ని భూమి మీద ఎవరి చావు పుట్టుకలకో ముడిపెట్టడం అజ్ఞాన కాలపు అరబ్బులకు అలవాటు. ఒక రాత్రి దైవప్రవక్త (స) తన సహచరులతో కూర్చుని ఉండగా ఒక ఉల్క రాలి వెలుగు చిమ్మింది. అజ్ఞాన కాలంలో మీరు దీన్ని చూసి ఏమనుకునేవారు అని ఆయన ప్రశ్నించారు. ఈ రాత్రి ఒక గొప్ప వ్యక్తి పుట్టాడనో, ఒక గొప్ప వ్యక్తి మరణించాడనో అనుకునేవారమని వారు చెప్పారు. ఎవరి చావు కోసమో, పుట్టుక కోసమో అది రాలదని ఆయన వారికి స్పష్టం చేశారు.

ఉల్క వేరు, తోకచుక్క వేరు. కాని రెండింటి గురించిన మూఢనమ్మకం ఒక్కటే. కనుక ప్రవక్త (స) ఇచ్చిన ఆ సమాధానం రెండింటికీ వర్తిస్తుంది.

దీనికన్నా హృదయాన్ని కదిలించే సంఘటన మరొకటుంది. హిజ్రీ 10వ సంవత్సరంలో ప్రవక్త (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఇబ్రాహీమ్ మృతికి సూర్యుడు సైతం దుఃఖించాడని జనం చెప్పుకోసాగారు. యోచించండి! ఎవరూ అడగకుండానే వచ్చిన కీర్తి అది. ఆయన స్థానంలో మరో నాయకుడుంటే మౌనంగా ఉండిపోయేవాడు. ఆ మౌనమే ఆ మాటకు ముద్ర అయిపోయేది. కాని ప్రవక్త (స) పుత్రశోకంలో ఉండి కూడా ఆ మాటను సాగనివ్వలేదు. జనానికి నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలలో రెండు నిదర్శనాలని, ఎవరి మరణం వల్లగాని జననం వల్లగాని వాటికి గ్రహణం పట్టదని బోధించారు. తన సొంత బిడ్డ విషయంలోనే ఆయన ఒప్పుకోని మాటను మనం మన ఇంటి పెళ్లిళ్ల విషయంలో, వ్యాపారాల విషయంలో ఎలా ఒప్పుకోగలం?

హుదైబియాలో ఒక రాత్రి వర్షం కురిసింది. మర్నాడు ఫజ్ర్ నమాజు తర్వాత ప్రవక్త (స) ప్రజల వైపు తిరిగి చేసిన బోధ కూడా ఇలాంటిదే. వర్షం అల్లాహ్ కారుణ్యం వల్ల కురిసిందని అన్నవాడు అల్లాహ్‌ను విశ్వసించాడు. ఫలానా నక్షత్రం వల్ల కురిసిందని అన్నవాడు ఆ నక్షత్రాన్ని విశ్వసించినట్లయింది. ఇదే తౌహీద్ సారం. మేలైనా కీడైనా చుక్కల చేతిలో లేదు. వాటిని సృష్టించినవాని చేతిలో ఉంది.

శకునాల వల్ల జరిగే అన్యాయం

ఇదేదో చిన్న నమ్మకమే కదా, దానివల్ల నష్టమేముందని కొందరు అనవచ్చు. నష్టం ఉంది. ఒక ఇంట్లో కొత్త కోడలు అడుగుపెట్టిన నెలలోనే ఆకాశంలో తోకచుక్క కనిపించిందనుకోండి. ఆ తర్వాత మామగారికి జబ్బు చేసినా, దుకాణంలో బేరం తగ్గినా ఆ నింద ఎవరి మీద పడుతుంది? ఏ పాపం ఎరుగని ఆ అమ్మాయి మీద పడుతుంది. సఫర్ నెల మొదటి పదమూడు రోజులను ‘తేరా తేజీ’ అని పిలిచి, ఆ రోజుల్లో పెళ్లిళ్లు మానుకునే అలవాటు మన ప్రాంతాల్లో నేటికీ అక్కడక్కడా ఉంది. సఫర్ నెలలో అశుభం లేదని ప్రవక్త (స) తేల్చి చెప్పారు. అయినా ఈ అలవాటు పోలేదు. శకునాన్ని నమ్మేవాడు ముందు తన ధైర్యాన్ని పోగొట్టుకుంటాడు, తర్వాత ఇతరుల పట్ల న్యాయాన్ని పోగొట్టుకుంటాడు. భయపడినవాడికి తాయెత్తులు అమ్మేవాడు మాత్రం లాభపడతాడు.

చరిత్ర ఏం చెబుతోంది?

తోకచుక్కలు శకునాలైతే చరిత్ర ఆ మాటను బలపరచాలి. కాని చరిత్ర దానికి విరుద్ధంగా సాక్ష్యం పలుకుతోంది.

క్రీ.శ. 838లో ఖలీఫా ముతసిమ్ బైజాంటియన్ల నగరమైన అమ్మూరియాపై దండెత్తాడు. అది తగిన కాలం కాదని జ్యోతిష్కులు హెచ్చరించారు. ఖలీఫా ఆ మాట లక్ష్యపెట్టక బయలుదేరి ఆ నగరాన్ని జయించాడు. ఆ విజయంపై కవి అబూ తమ్మామ్ రాసిన ఖసీదా అరబ్బీ సాహిత్యంలో సుప్రసిద్ధమైనది. తోకచుక్కను చూపి జనాన్ని భయపెట్టిన జ్యోతిష్కులను అందులో ఆయన ఎద్దేవా చేశాడు.

1066లో హేలీ తోకచుక్క ఇంగ్లండు మీద కనిపించింది. ఆ ఏడాదే జరిగిన యుద్ధంలో రాజు హెరాల్డ్ మరణించాడు, నార్మండీ ప్రభువు విలియం సింహాసనం ఎక్కాడు. అదే చుక్క ఒకరికి శుభం, మరొకరికి అశుభం అవుతుందా?

1577లో ఒక గొప్ప తోకచుక్క కనిపించింది. అప్పుడు ఇస్తాంబుల్‌లో సుల్తాన్ మూడవ మురాద్ ఆదరణలో తఖీయుద్దీన్ అనే మహా శాస్త్రజ్ఞుని వేధశాల ఉంది. ఆ కాలపు శ్రేష్ఠమైన పరికరాలు అక్కడ ఉండేవి. ఆయన ఆ చుక్క ఇరాన్‌పై విజయానికి శుభసూచకమని సుల్తాన్‌కు చెప్పాడు. అదే చుక్కను డెన్మార్క్‌లో టైకో బ్రాహే జాగ్రత్తగా కొలిచి, అది చంద్రునికన్నా ఎంతో ఆవల ఉన్నదని నిరూపించాడు. తోకచుక్కలు భూవాతావరణంలోని ఆవిర్లన్న పాత అభిప్రాయం దానితో కుప్పకూలింది. ఇస్తాంబుల్ వేధశాల మాత్రం 1580లో సుల్తాన్ ఆజ్ఞతోనే కూల్చివేయబడింది. దాని పతనానికి చరిత్రకారులు పలు కారణాలు చెబుతారు. అయితే మనం గ్రహించవలసింది ఒకటుంది. ఒకే చుక్క గురించి ఒకచోట భవిష్యత్తు చెప్పారు, మరోచోట దూరం కొలిచారు. నిలిచింది కొలతే. ఇమామ్ గజాలీ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఒక హెచ్చరిక చేశారు. గ్రహణాల వంటి వాటి లెక్కలను ధర్మం పేరుతో కాదనేవాడు ధర్మానికే హాని చేస్తాడని ఆయన తన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ ఉపోద్ఘాతంలో రాశారు.

1531, 1607, 1682లలో వచ్చినవి మూడు వేర్వేరు తోకచుక్కలు కావని, ఒకటే మళ్లీ మళ్లీ వస్తోందని ఎడ్మండ్ హేలీ 1705లో ప్రకటించాడు. అది 1758లో తిరిగి వస్తుందని లెక్కగట్టాడు. ఆయన 1742లో మరణించాడు. చుక్క మాత్రం 1758 డిసెంబరులో కనిపించింది. దాదాపు 76 ఏళ్లకొకసారి వేళకు వచ్చి వెళ్లేది శకునమెలా అవుతుంది? అది మళ్లీ 2061లో వస్తుంది. నేటి మన పిల్లల్లో చాలామంది ఇన్షా అల్లాహ్ దాన్ని చూస్తారు.

1910 మే నెలలో హేలీ తోకచుక్క వేకువ ఆకాశంలో వెలుగుతున్న రోజుల్లోనే, మే 6న ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి మరణించాడు. వెంటనే జనం ఆ రెంటినీ ముడిపెట్టారు. పదమూడు శతాబ్దాల క్రితం మదీనాలో ఖండించబడిన మాటే అది! మే 18-19 తేదీల్లో భూమి ఆ చుక్క తోక గుండా పోతుందని, ఆ తోకలో విషవాయువు ఉందని తెలిసి పాశ్చాత్య దేశాల్లో ఎందరో హడలిపోయారు. తోకచుక్క మాత్రలంటూ అమ్ముకున్నవారూ ఉన్నారు. భూమికి ఏమీ కాలేదు. మన తెలుగునాట గురజాడ అప్పారావు గారు అదే ఏడాది తన ‘ముత్యాల సరాలు’లో ఆ చుక్కను కీడుగా గాక మంచి మార్పుకు గుర్తుగా చూపారు. భయాన్ని వదలమన్న మేరకు ఆ మాట మెచ్చదగినదే. మనం మరో అడుగు వేసి, మంచి మార్పును తెచ్చేది కూడా చుక్క కాదంటాం.

1965 అక్టోబరు చివర ‘ఇకెయా-సెకీ’ అనే మహా తోకచుక్క వేకువలో పొడవైన తోకతో కనిపించింది. భారత పాకిస్తాన్ యుద్ధం సెప్టెంబరు 23నే ఆగిపోయింది. యుద్ధం ముందు, చుక్క తర్వాత! ఇక 1997 మార్చిలో హేల్-బాప్ తోకచుక్క వెనుక ఒక వాహనం వస్తోందని, అది తమను పైలోకానికి తీసుకుపోతుందని నమ్మి అమెరికాలోని కాలిఫోర్నియాలో 39 మంది ప్రాణాలు తీసుకున్నారు. ఆ చుక్క ఎవరికీ హాని చేయలేదు. దాని గురించిన అసత్యమే 39 ప్రాణాలను బలిగొంది.

రెండు ఉదయాలు, మూడు తోకలు

వేకువ ఆకాశాన్ని చూడటం ముస్లింలకు కొత్త కాదు. ఉపవాసం ఎప్పుడు మొదలవుతుందో, ఫజ్ర్ వేళ ఎప్పుడు ప్రవేశిస్తుందో తెలుసుకోవడానికి మన పూర్వీకులు ప్రతిరోజూ తూర్పు దిక్కును చూసేవారు. ఉషోదయపు తెల్లదారం నల్లదారం నుండి వేరుగా కనిపించే వరకు తినవచ్చన్న దైవాజ్ఞ విని అదీ బిన్ హాతిమ్ (రజి) నిజంగానే రెండు దారాలు తలగడ కింద పెట్టుకున్నారు. రాత్రి చీకటి నుండి పగటి తెలుపు వేరుపడటమే దాని భావమని ప్రవక్త (స) ఆయనకు వివరించారు.

ఇక్కడే ఒక సూక్ష్మమైన విషయం ఉంది. ఉదయాలు రెండు. మొదటిది సుబహ్ కాజిబ్, అంటే అబద్ధపు ఉదయం. నిజమైన ఉదయానికి ముందు తూర్పున నిలువుగా, పైకి సన్నబడుతూ ఒక మసక వెలుగు లేస్తుంది. అరబ్బులు దాన్ని తోడేలు తోకతో పోల్చారు. దానివల్ల సహరీ ఆగదు, ఫజ్ర్ వేళ రాదు. రెండవది సుబహ్ సాదిఖ్, నిజమైన ఉదయం. ఇది దిగంతం వెంబడి అడ్డంగా పరచుకుంటుంది. ఉపవాసం దీనితోనే మొదలవుతుంది. బిలాల్ (రజి) అజాన్ విని గాని, నిలువు తెలుపును చూసి గాని మోసపోవద్దని ప్రవక్త (స) హెచ్చరించింది ఇందుకే. బిలాల్ (రజి) అజాన్ నిద్రపోయేవారిని లేపడానికి ఉండేది. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్‌తో సహరీ ముగిసేది.

ఆ అబద్ధపు ఉదయం దేని వెలుగు? గ్రహాల మధ్య పరచుకున్న సన్నని ధూళిపై పడి చెదిరిన సూర్యకాంతి అది. ఆ ధూళిలో అధిక భాగం తోకచుక్కల నుండి రాలినదేనని పరిశోధకుల అంచనా. అంటే మన ఫిఖ్హ్ గ్రంథాలు తరతరాలుగా వర్ణిస్తున్న ఆ తోడేలు తోక, తోకచుక్కలు వదిలి వెళ్లిన ధూళి వెలుగే! ఏటా మే, అక్టోబరు నెలల్లో రాలే కొన్ని ఉల్కలు కూడా హేలీ తోకచుక్క వదిలిన రేణువులే. తోకచుక్క తోక, తోడేలు తోక, ఉల్క గీసే వెలుగు తోక, ఈ మూడింటికీ ఇంతటి చుట్టరికం ఉందని ఎందరికి తెలుసు? ఒకే సృష్టికర్త ఏర్పరచిన ఒకే వ్యవస్థ ఇది.

ఎలా చూడాలి?

ఈసారి ప్రకాశవంతమైన తోకచుక్క వేకువలో కనిపిస్తుందని తెలిసినప్పుడు ఈ విషయాలు గుర్తుంచుకోండి:

1. తూర్పు దిక్కున చెట్లు, భవనాలు అడ్డులేని మేడనో, ఊరి బయటి మైదానాన్నో, చెరువు గట్టునో ఎంచుకోండి. చుక్క దిగంతానికి చాలా దగ్గరగా ఉండవచ్చు.

2. మన ప్రాంతంలో సుబహ్ సాదిఖ్‌కు, సూర్యోదయానికి మధ్య సుమారు గంటంబావు వ్యవధి ఉంటుంది. సూర్యునికి బాగా దగ్గరగా ఉన్న తోకచుక్క సూర్యోదయానికి గంట నుండి అరగంట ముందు మాత్రమే చూడటానికి వీలవుతుంది. అంటే అది ఫజ్ర్ వేళే. చాలా మస్జిదులలో అజాన్‌కు, జమాఅత్‌కు మధ్య ఉండే సమయం దీనికి సరిపోతుంది. చుక్క కోసం జమాఅత్ పోగొట్టుకోకండి. చుక్క రేపూ ఉండవచ్చు, ఈ ఫజ్ర్ మళ్లీ రాదు.

3. దీపాలు, సెల్‌ఫోన్ వెలుగు లేకుండా ఇరవై నిమిషాలు చీకట్లో ఉంటే కళ్లు అలవాటుపడతాయి. తోక మసకగా ఉంటే నేరుగా గాక కాస్త పక్కకు చూడండి, మరింత స్పష్టంగా కనబడుతుంది.

4. బైనాక్యులర్ ఉంటే ఎంతో ఉపయోగం. కాని సూర్యోదయానికి బాగా ముందే దాన్ని పక్కన పెట్టేయాలి. దానిగుండా సూర్యుణ్ణి క్షణకాలం చూసినా కంటిచూపు పోయే ప్రమాదముంది. పిల్లల చేతికి ఇస్తే పెద్దలు దగ్గరుండాలి.

5. ఆడవారిని, పిల్లలను కూడా లేపండి. గర్భవతులు చూడరాదన్న మాటకు ఆధారం లేదు. తోకచుక్క కోసమని ప్రత్యేకమైన నమాజు ఏదీ ప్రవక్త (స) నేర్పలేదు కనుక కొత్త ఆచారాలు కల్పించకండి. అల్లాహ్‌ను స్తుతించండి, క్షమాపణ వేడుకోండి. అది చాలు.

ఆ రాత్రి ప్రవక్త (స) చేసిన పని

ఇబ్నె అబ్బాస్ (రజి) బాలుడుగా ఉన్నప్పుడు ఒక రాత్రి తన పినతల్లి, విశ్వాసుల మాతృమూర్తి మైమూనా (రజి) ఇంట్లో పడుకున్నారు. ప్రవక్త (స) రాత్రి ఏం చేస్తారో చూడాలన్నది ఆయన కోరిక. రాత్రి చివరి భాగంలో ప్రవక్త (స) లేచి కూర్చున్నారు. ఆకాశం వైపు చూశారు. భూమ్యాకాశాల సృష్టిలో, రేయింబవళ్ల మార్పులో బుద్ధిమంతులకు నిదర్శనాలున్నాయని చెప్పే ఆలి ఇమ్రాన్ సూరా చివరి వాక్యాలు పఠించారు. తర్వాత వుజూ చేసి నమాజుకు నిలబడ్డారు.

ఆ రాత్రి ఆకాశంలో తోకచుక్క ఏదీ లేదు. రోజూ కనిపించే నక్షత్రాలే ఉన్నాయి. ప్రవక్త (స)కు అవే చాలాయి. మనల్ని నిద్ర లేపడానికి ఒక తోకచుక్క రావలసి వస్తోంది. వచ్చినప్పుడైనా లేద్దాం. అది వెళ్లిపోయిన తర్వాత కూడా ఆ వేళ లేచే అలవాటు మనలో మిగిలితే ఆ చుక్కను మనం నిజంగా చూసినట్టే.

అల్లాహ్ తన నిదర్శనాలను చూసే కళ్లను, వాటి గురించి యోచించే మనసును మనందరికీ ప్రసాదించుగాక! శకునాల భయం నుండి మన ఇళ్లను కాపాడుగాక! ఆమీన్.